సబ్బునీళ్లతో కడిగిన రేడియో

మొన్నొక ఆదివారం ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర కొత్తగా తెరిచిన కాఫీ దుకాణంలో కూర్చున్నాను. ఈమధ్య ఇలాంటి దుకాణాలన్నిటికీ పాతకాలం మీద ఒకే రకం ప్రేమ పుట్టుకొస్తోంది. గోడకు ఒక విరిగిన సైకిలు, మూలన ఒక కుట్టుమిషను, అలమారలో మన తాతల నాటి రేడియో, దాని నెత్తిన మనీప్లాంటు. ఆ రేడియోకు వెనక అట్ట తీసేసి, లోపలి గాజు వాల్వులు అందరికీ కనపడేట్టు తిప్పి పెట్టి, వాటి మధ్య చిన్న రంగుదీపాలు కూడా వెలిగించారు. అక్కడ పనిచేసే అతను అద్దాలు తుడిచే నీలం మందు ఆ వాల్వుల మీద చిమ్మి, గుడ్డతో రుద్దబోతుంటే, నాకు తెలియకుండానే లేచి నిలబడి, "తమ్ముడూ ఆగు, తడిగుడ్డ పెట్టకు!" అని అరిచాను. దుకాణమంతా నా వైపు తిరిగింది. అతను మాత్రం చాలా శాంతంగా, "గిది షో పీస్ మేడం, మోగది" అన్నాడు.

కూర్చున్నాను, కాఫీ తాగాను, కానీ మనసు అక్కడ లేదు. ఆ తడిగుడ్డ నిజానికి నాది. పదేళ్లకు పైనే అయింది, నేను కూడా ఇలాగే ఎంతో శ్రద్ధగా, ఎంతో భక్తిగా ఒక రేడియో కొంప ముంచాను.

అప్పట్లో మేం కొత్తపేటలో, పాత పండ్ల మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్లం. వేసవిలో మామిడి, చలికాలంలో బత్తాయి, మిగతా కాలమంతా ఆ రెండూ కుళ్లిన వాసన వచ్చే సందు అది. మార్కెట్ అక్కడి నుంచి లేచిపోయాక ఆ కుళ్లు వాసన కోసం కూడా బెంగపడతావని అప్పుడెవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. మాది పోచంపల్లి పక్క ఊరు, మగ్గాల ఇల్లు. నాన్న మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నాడు. తాత, నాయనమ్మ మాతోనే ఉండేవాళ్లు. పై వాటాలో కిరాయికి ఉండే అంకుల్, ఆంటీ బందరు వైపు వాళ్లు. అంకుల్ ఏదో ప్రభుత్వ శాఖలో వైర్‌లెస్ సెట్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఇక నేను ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ పూర్తిచేసి, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాను. చదువుకుంటున్నాను అనేకంటే, వాయిదా పడ్డ పరీక్షకు వాయిదా పడ్డ చదువు చదువుతున్నాను అనాలి.

ఉద్యమం రోజులవి. మా వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పొద్దున లేవగానే ఇవాళ ఏముంది, ఏం లేదు అని తెలుసుకుని గాని పళ్లు తోముకునేవాళ్లం కాదు. బంద్ రోజున దుకాణాల షటర్లన్నీ దించేస్తే, నేను కొత్తపేట నుంచి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా విజయవాడ రోడ్డు నడిమధ్యలో నడుచుకుంటూ వెళ్లేదాన్ని. ఎప్పుడూ రోడ్డు దాటడానికే పావుగంట పట్టే చోట నా చెప్పుల చప్పుడు నాకే వినబడేది. ఎక్కడో దూరంగా డప్పు, పాట, మళ్లీ నిశ్శబ్దం. ఎండలో ఆ ఖాళీ రోడ్డు ఒక ఏరులా మెరిసేది. అంత పెద్ద చరిత్ర నడుస్తుంటే నాకు గుర్తున్నది ఆ చెప్పుల చప్పుడేనంటే ఉద్యమకారులు క్షమించాలి.

మా ఇంట్లో అసలు ఉద్యమకారుడు తాత. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, మాట ముద్దగా వచ్చేది. కిటికీ పక్క మంచమే ఆయన ప్రపంచం, మంచం పక్క స్టూలు మీద ఆయన రేడియో. పెళ్లయిన కొత్తలో కొన్న వాల్వుల రేడియో అది, టేకు పెట్టె, ముందు భాగాన కుంకుడు గింజంత ఆకుపచ్చ కన్ను. ఊళ్లో ఉన్నన్నాళ్లూ మగ్గం గుంట పక్కనే ఉండి, కాళ్లు తొక్కినంతసేపూ పాడిందట. పట్నం వచ్చాక మోగడం మానేసింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం ఊరి కుర్రాళ్లతో కలిసి తిరిగిన తాత, ఆ గొడవంతా చల్లారిపోయిందన్న సంగతి మగ్గం మీద కూర్చుని ఈ రేడియోలోనే విన్నాడు. అప్పటినుంచి ఆయనది ఒకటే పట్టు. టీవీలో రోజుకు నాలుగు సార్లు తెలంగాణ ఇచ్చి ఐదు సార్లు వెనక్కి తీసుకుంటున్నా తల తిప్పి చూసేవాడు కాదు. "ఆనాడు గాదని జెప్పింది గిదే. అయిందని గూడ గిదే జెప్పాలె" అనేవాడు. రెండోసారి పక్షవాతం వస్తే కష్టమని డాక్టరు నాన్నను బయటికి పిలిచి చెప్పాడు. చెప్పినంతసేపూ తలుపు తెరిచే ఉంది కాబట్టి తాత కూడా విన్నాడు. ఇక ఆ రేడియో మోగడమన్నది మా ఇంట్లో అందరి గుండెల మీదా కూర్చుంది.

ఇంట్లో ఇంజినీరును నేను. అందుకని ఆ ఏడు దసరాకు పని నేనే మొదలుపెట్టాను.

మగ్గాల ఇళ్లలో ఆయుధ పూజంటే తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ రోజు పనిముట్టన్నదాన్నల్లా శుభ్రంగా కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాలి. మాకు మగ్గం పోయినా నాయనమ్మ దగ్గర పడుగులో పేక పోగు దూర్చే నాడె ఒకటి మిగిలింది, దుకాణంలో గజం బద్ద, కత్తెర, నాన్న స్కూటరు, నా కంప్యూటరు అన్నీ వరుసలో నిలబడేవి. ఈసారి తాత రేడియో కూడా పూజలో ఉండాలనుకున్నాను. ముందు మోగుతుందేమోనని ప్లగ్గు పెట్టి చూస్తే గుయ్యిమంది. ప్లగ్గు పీకేసి, వెనక అట్ట విప్పి, ఆరు వాల్వులూ ఊడబెరికి, సబ్బునీళ్లలో ముంచి, నూలు గుడ్డతో తళతళలాడేట్టు తోమాను. గాజు మీద ఏవో మాసిన తెల్ల మరకలుంటే వాటిని కూడా గోటితో గీకి వదిలించాను. తర్వాత వాటిని స్టీలు పళ్లెంలో పేర్చి, ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టి, డాబా మీద ఆంటీ ఎండబెట్టిన మిరపకాయల పక్కన ఆరబెట్టాను. ఎండలో ఆరు గాజు బుడ్లూ బొట్లతో ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, ఫోటో కూడా తీశాను. నేరస్థులు ఆధారాలు వదలకూడదన్న ఇంగితం కూడా లేదు.

మొక్కలకు నీళ్లు పోయడానికి పైకి వచ్చిన అంకుల్ ఆ పళ్లెం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఎవరమ్మాయ్ ఈ ఘనకార్యం?"

నేనేనన్నాను, కొంచెం గర్వంగానే.

"ఏం చదివావమ్మా నువ్వు?"

"ఎలక్ట్రానిక్స్, అంకుల్."

ఆయన కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. నేను గోటితో గీకిన తెల్ల మరకలు మరకలు కావట, వాల్వుల నంబర్లట. ఏ వాల్వు ఏ గుంటలో కూర్చోవాలో చెప్పేది ఆ నంబరొక్కటేనట. తప్పు గుంటలో తప్పు వాల్వు పెడితే వాల్వూ పోతుంది, ఒక్కోసారి లోపలి కాయిలూ పోతుంది, ఈ రోజుల్లో ఆ రెండూ దొరకవు. "మొహాలన్నీ చెరిపేసి అందరికీ బొట్లు పెట్టావు" అన్నాడు. అంతకంటే ఆయనకు ఎక్కువ కోపం తెప్పించింది ఇంకోటి. ప్లగ్గు పీకిన వెంటనే రెండు చేతులూ లోపల పెట్టానని తెలిసి ఆయన మొహం పాలిపోయింది. "తీగ పీకేసినా కరెంటు లోపలే దాక్కుని ఉంటుందే తల్లీ. ఆ పీపాల్లాంటి కండెన్సర్లలో. నువ్వు బతికున్నావంటే మీ నాయనమ్మ పూజలు గట్టివి."

మర్నాటి నుంచి ఆయన ప్రతి మధ్యాహ్నం భోజనం చేసి కిందికి దిగేవాడు. ఉద్యమం ఊరంతా నడుస్తుంటే మా ముందుగదిలో ఒక చిన్న బడి నడిచింది. ఆయన మొదటి పాఠం ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకోవడం. పెట్టెలో పనిచేసేటప్పుడు ఒక్క కుడిచెయ్యే లోపల ఉండాలి. రెండు చేతులూ పెడితే కరెంటు ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి గుండె మీదుగా పోతుంది. సెట్టు ప్లగ్గు తీసి చాలాసేపు ఆగి, కర్ర పిడికి కట్టిన ఒక రెసిస్టరుతో ఆ కండెన్సర్లలో దాక్కున్నదాన్ని మెల్లగా దించి, మీటరు సున్నా చూపించాకే మనిషి చెయ్యి వెళ్లాలి. ఇదంతా మంచం మీంచి శ్రద్ధగా విన్న తాత తన పడిపోయిన చేతిని చూపించి ఏదో గొణిగి నవ్వాడు. నాయనమ్మ అందరికీ విప్పి చెప్పింది. "నాకైతే దేవుడే ఓ చెయ్యి కట్టేసి పంపిండు, గీ పని నాకే ఇయ్యుండ్రి అంటుండు."

దుమ్ము దులపడానికి అంకుల్ రంగులు వేసే మెత్తటి బ్రష్షు ఇచ్చాడు. పొడి బ్రష్షు, అంతే. నీళ్లు లేవు, సబ్బు లేదు, ఊదడం కూడా లేదు. పైనుంచి కిందికి మెల్లగా దులుపుతుంటే లోపలి నుంచి దుమ్ము కాదు, నూలు రాలింది. మగ్గం పక్కన అన్నేళ్లు కూర్చున్న పెట్టె కదా. పైపొరలో ఎరుపు, దాని కింద నలుపు, ఇంకా కింద పసుపూ తెలుపూ. తాత ఏ ఏడు ఏ రంగు చీరలు నేశాడో వరుసగా పొరలు పొరలుగా ఉంది. నాయనమ్మ పక్కన కూర్చుని ఒక్కో పొరా వేలికి చుట్టుకుంటూ, ఇది ఫలానా వాళ్ల పెండ్లి చీరలది, ఇది పెద్ద వానలొచ్చిన ఏటిది అని చెప్పుకుపోయేది. ఆ మధ్యాహ్నాలు నాకిప్పటికీ కలలోలా ఉంటాయి. కిటికీలో నుంచి వంకర ఎండ, అందులో ఎగిరే ఎర్రటి పోగులు, అంకుల్ వీపు వెనక ముడుచుకున్న చెయ్యి, తాత కళ్లు. ఆ పోగులన్నీ నాయనమ్మ ఒక చిన్న డబ్బాలో దాచింది. ఎందుకే అంటే, "పారేస్తమా ఏంది, మీ తాత పానం గది" అంది. నిజం చెప్పాలంటే ఆ ప్రాణంలో మూడొంతులు బొద్దింక గుడ్లే, కానీ నేను చెప్పలేదు.

వాల్వుల సంగతి అంత త్వరగా తేలలేదు. ఆకుపచ్చ కన్నుగా వెలిగే వాల్వుదీ, పెద్ద వాల్వులు రెండిటిదీ ఆకారం వేరు కాబట్టి అంకుల్ వాటిని గుర్తుపట్టాడు. మిగిలిన మూడూ ఒక తల్లి పిల్లల్లా ఒకే పోలిక. వాటి కాళ్లకు పట్టిన మురికిని దూదికి ఒక చుక్క స్పిరిట్ అద్ది తుడిచి, గాజుకు మాత్రం తగలనివ్వకుండా పక్కన పెట్టి, భూతద్దంతో రోజూ చూసేవాడు. బయట లోకం వేడెక్కినట్టే ఇంట్లోనూ వేడెక్కింది. ఒకరోజు నాన్నకూ అంకుల్‌కూ నీళ్ల మోటారు దగ్గర మాటా మాటా వచ్చింది. ట్యాంకు ఎవరు నింపారన్న దగ్గర మొదలైన గొడవ హైదరాబాదును ఎవరు నింపారన్న దాకా వెళ్లింది. "మేమొచ్చి కట్టిందేగా ఇదంతా" అని అంకుల్ అన్నాడు. "కట్టినోళ్లకు కిరాయి ఇల్లెందుకో" అని నాన్న అన్నాడు. ఆ తర్వాత పదిరోజులు అంకుల్ మెట్లు దిగలేదు. రేడియో పెట్టె తెరిచి ఉంది, మూడు బోడి వాల్వులు నా పుస్తకాల పక్కన ఉన్నాయి, తాత కళ్లు మెట్ల మీద ఉన్నాయి.

ఇంతలో ఢిల్లీలో తెలంగాణ బిల్లు ఓటింగుకు వచ్చే రోజు వచ్చింది. మధ్యాహ్నం టీవీ ముందు సందులో సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు. మీకూ గుర్తుండే ఉంటుంది, సరిగ్గా అప్పుడే ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. అందరూ టీవీని తిట్టి, ఫోన్లు పట్టుకుని బయటికి పరిగెత్తారు. తాత నా వైపు చూశాడు. కుడిచేతి వేలు ఒకటి రేడియో వైపు ఎత్తి, దించాడు.

మూడు వాల్వులూ చున్నీలో మూటకట్టుకుని పైకి వెళ్లాను. తలుపు తీసిన అంకుల్ టీవీ ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడని గది చూస్తే తెలిసింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అంకుల్, మా తాత" అని మూట ముందుకు చాపాను. నా చేతిలో మూట చూసి ఆయన ఒక్క నిమిషం నిలబడి, లోపలికి వెళ్లి ఫ్రిజ్ తెరిచి, ఆంటీ పెరుగు గిన్నె పక్కకు జరిపి వాల్వులు లోపల పెట్టాడు. చల్లబడిన గాజు మీద ఊదితే చెరిగిపోయిన అంకె కూడా ఆవిరిలో ఒక్క క్షణం కనబడుతుందట. ఈ ఉపాయం ఆయనకు పదిరోజుల కిందటే తట్టిందట.

"మరి చెప్పలేదేం అంకుల్?"

"చెప్పాలంటే దిగాలి కదే" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆయనకు ఆయాసం, అందుకని ఊదే పని నాది. మొదటి దానిమీద ఊదాను. గాజు మసకబారింది, ఆ మసకలో, నేను దసరానాడు గీకి పారేసిన చోటే, సన్నగా నాలుగు అక్షరాలు పైకి తేలాయి. చదివేలోపే కరిగిపోయాయి. మళ్లీ ఊదాను. అంకుల్ భూతద్దంలో చదివాడు. రెండోదీ అంతే. మూడోది ఎంత ఊదినా పలకలేదు, కానీ మిగిలిన గుంట కూడా ఒకటే కాబట్టి అది పలకాల్సిన పని లేకపోయింది. అన్నిటికంటే నేను బాగా కడిగింది దాన్నేనన్నమాట.

మేం కిందికి దిగేసరికి సందులో పటాకులు మొదలయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి డప్పులు, ఈలలు. కొత్తపేటలో పిల్లికి కూడా సంగతి తెలిసిపోయింది. తెలియనిది ఒక్క తాతకే, అదీ ఆయన తెలుసుకోనని కూర్చున్నాడు కాబట్టి. ఎవరైనా నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "పటాకులు గాల్తున్నయ్ గదనయ్యా" అని నాయనమ్మ అంటే, "ఏదో పెండ్లి ఉండొచ్చు" అన్నాడు. రంగు చల్లుకుని దుకాణం నుంచి వచ్చిన నాన్న, ముందుగదిలో అంకుల్‌ను చూసి గుమ్మంలోనే ఆగి, వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు. రంగు మొత్తం పోలేదు, చెవుల దగ్గర ఉండిపోయింది.

అంకుల్ తన సిరీస్ బోర్డు తెచ్చాడు. ఏళ్ల తరబడి నిద్రపోయిన సెట్టుకు నేరుగా కరెంటు ఇవ్వకూడదు. మధ్యలో ఒక బల్బు కలిపి ఇస్తే, లోపల తేడా ఉన్నప్పుడు బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. పాత కండెన్సర్లకు బదులు కొత్తవి దసరా తర్వాతే కోఠీలో కొనితెచ్చి మార్చేశాడు. వాల్వులు ఒక్కొక్కటే కూర్చోబెట్టి, అట్ట మూసి, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, స్విచ్చు మీద తను చెయ్యి వేయకుండా తాత వైపు చూశాడు. "మీరు వెయ్యండి, బాబాయ్ గారూ" అన్నాడు. అన్నేళ్లలో అంకుల్ మా తాతను అలా పిలవడం అదే మొదలు.

తాత స్విచ్చు తిప్పాడు. బల్బు భగ్గుమంది. నాయనమ్మ దేవుణ్ణి తలుచుకుంది. నేను నా బీటెక్కును తలుచుకున్నాను. మెల్లగా బల్బు తగ్గి దీపంలా అయింది. ఆ తర్వాత ఏమీ కాలేదు. మా తరానికే సహనం లేదు, ఆ తరం వస్తువులు మాత్రం వేడెక్కితే గాని పలకవు. ఆ ఒక నిమిషం అందరం ఆ పెట్టెనే చూస్తూ ఉన్నాం. అట్ట సందుల్లోంచి నారింజ రంగు వెలుతురు కనిపించింది, వేడెక్కిన టేకు వాసన వచ్చింది, కాలిన నూలు వాసన కూడా, ఎంత దులిపినా ఇంకా ఎక్కడో ఒక పోగు మిగిలే ఉంటుంది కదా. కుంకుడు గింజంత కన్ను మసగ్గా, తర్వాత పచ్చగా తెరుచుకుంది. బుస్సుమని చప్పుడు, దాని లోపల దూరంగా ఒక మనిషి గొంతు. అంకుల్ బల్బు తప్పించి, మీట కొంచెం తిప్పాడు. గొంతు దగ్గరికి వచ్చింది. సాయంత్రం ప్రాంతీయ వార్తలు.

వార్తలు చదివే ఆయన అరవలేదు, ఏడవలేదు, నవ్వలేదు. బియ్యం ధర చెప్పినట్టు చెప్పాడు, లోక్‌సభ బిల్లును ఆమోదించిందని. తాత కళ్లు మూసుకున్నాడు. పడిపోయిన చెయ్యి ఒళ్లో అలాగే ఉంది. కుడి చెయ్యి మాత్రం మెల్లగా లేచి, గాల్లో వెతికి, అంకుల్ కుడి చేతిని పట్టుకుంది. ఎంతసేపు పట్టుకున్నాడో నేను చూడలేదు, నాకేదో కంట్లో పడింది, బహుశా నూలు పోగు. చూసేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. తాత ఎడమ చెయ్యి లేవనిది. అంకుల్ ఎడమ చెయ్యి ఇంకా వీపు వెనకే ఉంది, తీయడం మరిచిపోయాడు.

కాసేపయ్యాక అంకుల్ గొంతు సవరించుకున్నాడు. ఏదైనా అంటాడేమోనని నాన్న కూడా ఆగాడు. "సౌండు బానే ఉంది. కొంచెం గుయ్యిమంటోంది. ఇంకో కండెన్సరు మార్చాలి" అన్నాడు. నాన్న అడిగాడు, "చాయ్ తాగుతరా సార్?" అని. తాగుతానన్నాడు.

తాత ఇంకో రెండేళ్లున్నాడు, రోజూ సాయంత్రం వార్తలు విన్నాడు. అంకుల్ వాళ్లు వెళ్లిపోతారని అందరూ అనుకున్నారు. వెళ్లిపోయారు కూడా, బడంగ్‌పేట్‌కు. అక్కడ సొంత ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశానికి మా దుకాణం చీరే కట్టింది ఆంటీ. ఇప్పుడు మెట్రో మా పాత సందు పక్క నుంచే గాల్లో వెళ్లిపోతుంది. ఆ ఎత్తు మీంచి చూస్తే మా డాబా ఒక్క క్షణం కనబడుతుంది, ఎవరో మిరపకాయలు ఎండబెట్టినట్టు కూడా ఉంటుంది.

రేడియో ఇప్పుడు నా దగ్గరే ఉంది. ప్రతి దసరాకు ప్లగ్గు తీసి, కండెన్సర్లు దించి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, పొడి బ్రష్షుతో దులుపుతాను. బొట్టు టేకు పెట్టెకే. స్విచ్చు వేస్తే స్టేషన్లు మునుపటిలా అందవు, చుట్టుపక్కల ఇళ్ల చార్జర్ల బుసే ఎక్కువ. అయినా ఆ ఒక నిమిషం కోసం పెడతాను, ఏమీ వినబడకముందు ఉండే ఆ నిమిషం కోసం. ఇప్పుడు ఏ సంగతైనా స్విచ్చు వేయకముందే అరుస్తూ వచ్చి మీద పడుతుంది, కలిసి కూర్చుని ఎదురుచూసే తీరికే ఎవరికీ లేదు. దులపడం అయ్యాక ఒక వాల్వు తీసి ఫ్రిజ్‌లో పెట్టి, మీద ఊదుతాను. నేను చెరిపేసిన అంకెలు ఇంకా వస్తున్నాయి. చదివేలోపు పోతున్నాయి.